చైనీస్ విద్యార్థుల ఇంగ్లీషు సాధన: పదాలు, వ్యాకరణం, పఠనం

చైనీస్ మాతృభాషగా గలవారు ఇంగ్లీషును ఎలా సాధన చేస్తారన్నది ఈ వ్యాస విషయం. ప్రధానంగా చైనా ప్రధాన భూభాగాన్నీ, ప్రసక్తి వచ్చిన చోట తైవాన్, హాంకాంగ్, సింగపూర్‌లనూ తీసుకున్నాం. చైనీస్ అన్నది నిజానికి ఒక్క భాష పేరు కాదు. మాండరిన్ మాట్లాడేవారికి కాంటనీస్ అర్థం కాదు, ఆ ఇద్దరికీ హొక్కియెన్ అంతుపట్టదు. అయినా వ్యాకరణంలో వీటికి పోలికలు ఎక్కువ, రాత దాదాపు ఒక్కటే. అందువల్ల ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి వీరందరి ఇబ్బందులూ చాలావరకు ఒకేలా ఉంటాయి.

ఈ విద్యార్థుల మాట ఎత్తగానే బయటివారికి వేల పదాల జాబితాలు, పొద్దున్నే గొంతెత్తి వల్లెవేయడం, బతుకును తేల్చే ప్రవేశపరీక్ష గుర్తొస్తాయి. అవన్నీ ఉన్న మాటే. అయితే వీరికి అసలు కష్టం పదాల సంఖ్యతో వచ్చింది కాదు. కాలం, వచనం, ఆడా మగా, తెలిసిన వస్తువా తెలియనిదా వంటి సంగతులను చైనీస్ చాలాసార్లు వినేవారి గ్రహింపుకే వదిలేస్తుంది. ఇంగ్లీషు వాటిని వాక్యం వాక్యానికీ చెప్పి తీరమంటుంది. ఆ చిన్న ముక్కలను పరీక్ష కాగితం మీద గుర్తుపట్టడం తేలిక. మాట్లాడేటప్పుడు నోట పలకడం, సొంతంగా రాసేటప్పుడు మరవకుండా ఉండడం వేరే పని. చైనాలో పుట్టిన సాధన పద్ధతులన్నిటినీ ఈ రెండు పనుల మధ్య ఉన్న ఎడం దృష్ట్యా చూస్తేనే వాటి మంచిచెడ్డలు తెలుస్తాయి.

కాంటన్ రేవు నుంచి బడి దాకా

1757 నుంచి 1842 దాకా సముద్రం మీద వచ్చే పాశ్చాత్య వర్తకులకు చైనా తెరిచి ఉంచిన రేవు కాంటన్ ఒక్కటే, అంటే ఇప్పటి గ్వాంగ్‌జౌ. అక్కడి దుకాణదారులకూ దుబాసీలకూ ఇంగ్లీషు నేర్పిన బడి ఏదీ లేదు. ‘ఎర్రజుట్టు వాళ్ల మాటలు’ అనే అర్థం వచ్చే పేర్లతో చౌక అచ్చు పుస్తకాలు దొరికేవి. ఒక్కో మాటకు పైన చైనీస్ అర్థం, కింద దాని ఇంగ్లీషు ఉచ్చారణ ఉండేవి. ఆ ఉచ్చారణను కూడా చైనీస్ అక్షరాల్లోనే, కాంటనీస్‌లో చదువుకోవాల్సిన విధంగా రాసేవారు. రోమన్ లిపి ఒక్క అక్షరమైనా కనబడేది కాదు. అలా పుట్టిన పిడ్జిన్ ఇంగ్లీషులో పదాలు ఇంగ్లీషువి, కూర్పు చాలావరకు చైనీస్‌ది. వ్యాపారానికి అది సరిపోయింది. ఇంగ్లీషు ధ్వనిని సొంత అక్షరాల్లోకి దింపుకొనే ఆ అలవాటు మాత్రం ఆ రేవుతో పోలేదు. దాని సంగతి పదాల దగ్గర మళ్లీ వస్తుంది.

లండన్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ మోరిసన్ 1807లో కాంటన్ చేరాడు. 1818లో మలక్కాలో ఆంగ్లో చైనీస్ కాలేజీ వెలిసింది. అక్కడి విద్యార్థుల కోసం మోరిసన్ ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి రాయగా 1823లో అచ్చయింది. ప్రభుత్వం తనంతట తాను ఇంగ్లీషు జోలికి వచ్చింది యుద్ధంలో ఓడిన తర్వాతే. 1858 టియన్‌జిన్ ఒప్పందంలో, రెండు దేశాల పత్రాల మధ్య తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుందని బ్రిటన్ రాయించుకుంది. ఎదుటివాడి భాష తెలియకపోతే సంతకం పెట్టిన కాగితంలో ఏముందో కూడా తెలియని పరిస్థితి. 1862లో బీజింగ్‌లో టోంగ్‌వెన్ గువాన్ అనే భాషాపాఠశాల పుట్టడానికి కారణం ఇదే. మొదటి ఇంగ్లీషు తరగతిలో చేరిన పదిమందీ మంచూ సైనిక కుటుంబాల పిల్లలు.

తర్వాతి మలుపుకు భారతదేశంతో సంబంధం ఉంది. 1897లో షాంఘైలో మొదలైన కమర్షియల్ ప్రెస్, ఇంగ్లీషువాళ్లు భారతీయ విద్యార్థుల కోసం కూర్చిన ప్రైమరును తీసుకుని, షియే హోంగ్‌లాయ్ చేత చైనీస్ అర్థాలు, వివరణలు రాయించి 1898లో అచ్చువేసింది. అది విపరీతంగా అమ్ముడై ఆ సంస్థను నిలబెట్టింది. మన బళ్లలో చదివించడానికి తయారైన పాఠాలతో చైనాలో ఒక తరం అక్షరాలు దిద్దుకుందన్నమాట. అదే 1898లో మా జియన్‌జోంగ్ చైనీస్ భాషకు తొలి క్రమబద్ధమైన వ్యాకరణ గ్రంథాన్ని ప్రకటించాడు. అతను లాటిన్ వ్యాకరణపు చట్రాన్ని తీసుకున్నాడు. సంస్కృతానికి పాణిని, తెలుగుకు చిన్నయ సూరి ఉన్నట్టు, చైనీస్‌కు అప్పటివరకు విభక్తులు, క్రియారూపాలు పట్టికలు వేసి చెప్పే సంప్రదాయం లేదు. పదకోశాలూ ధ్వనిశాస్త్రమూ ఎంతో ఎదిగినా, బళ్లో ‘వ్యాకరణం’ అనే పాఠం ఇంగ్లీషు వెంట వచ్చిందే. అనువాదకుడిగా పేరుపడ్డ యెన్ ఫూ 1904లో ఇంగ్లీషు వ్యాకరణాన్ని చైనీస్‌లో వివరించాడు. చైనీస్‌ను ఎడమ నుంచి కుడికి అడ్డంగా అచ్చువేసి, పాశ్చాత్య విరామచిహ్నాలు వాడిన తొలి పుస్తకంగా దాన్ని చెబుతారు. 1905లో సివిల్ పరీక్షలు రద్దయ్యాక కొత్త మాధ్యమిక బళ్లలో విదేశీ భాష స్థిరపడింది.

1920ల చివర లిన్ యూటాంగ్ రాసిన ‘కైమింగ్’ ఇంగ్లీషు వాచకాలు, ఫెంగ్ జికై బొమ్మలతో, బాగా చెల్లాయి. ఆ తర్వాతి దశాబ్దంలో ఐ. ఎ. రిచర్డ్స్ చైనాలో బేసిక్ ఇంగ్లీషును నాటాలని చూశాడు. సి. కె. ఆగ్డెన్ 1930లో ప్రకటించిన 850 పదాల ఇంగ్లీషు అది. 1937లో జపాన్ దండయాత్రతో ఆ ప్రయత్నం చెదిరిపోయింది. 1949 తర్వాత కొన్నేళ్లు రష్యన్‌దే పైచేయి. సాంస్కృతిక విప్లవం పదేళ్లు చదువులనే తలకిందులు చేసింది. 1977 చివర ప్రవేశపరీక్ష గావ్‌కావ్ మళ్లీ మొదలైనప్పుడు 57 లక్షల మంది రాస్తే సీటు దొరికింది రెండు లక్షల 70 వేల మందికి. ఇంగ్లీషు మార్కులను దశలవారీగా కలుపుతూ 1983 నాటికి పూర్తిగా లెక్కలోకి తెచ్చారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా చైనాలో ఇంగ్లీషు సాధన అంటే మొదటి అర్థం ఆ పరీక్షే. 1982లో చైనా టెలివిజన్‌లో వచ్చిన బీబీసీ ‘ఫాలో మీ’ పాఠాలు, 1990లలో బడి వాచకాల్లో లీ లే, హాన్ మేమే అనే ఇద్దరు పిల్లల కథలు ఒక తరానికి ఇప్పటికీ నోట్లో ఉన్నాయి. 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలైంది. అదే ఏడాది చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది.

చైనీస్ చెప్పని సంగతులు

చైనీస్ క్రియకు రూపం ఒకటే. నిన్న చేసినా రేపు చేయబోయినా, నేను చేసినా వాళ్లు చేసినా క్రియ మారదు. పని అయిందా, జరుగుతోందా, ఎప్పుడైనా అనుభవంలోకి వచ్చిందా అన్నది చెప్పడానికి ‘ల’, ‘జ’, ‘గువో’ అనే చిన్న ప్రత్యయాలు ఉన్నాయి. అవి కాలాన్ని చెప్పవు, పని స్థితిని చెబుతాయి. కాలం కావాలంటే ‘నిన్న’ అంటే చాలు. తెలుగువారికి క్రియ మారడం వింత కాదు. ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు’ అన్న మూడు మాటల్లో కాలమూ ఉంది, మనిషీ ఉన్నాడు. అందుకే ఇంగ్లీషులో ప్రథమపురుష ఏకవచనానికి చివర ఒక్క ‘స్’ చేర్చమంటే మన పిల్లలు మరిచిపోతారేమో గానీ, ఎందుకు చేర్చాలని అడగరు. చైనీస్ పిల్లవాడికి అలా చేర్చాల్సిన అవసరమే తోచదు.

దీనికి ధ్వని కూడా అడ్డుపడుతుంది. మాండరిన్ అక్షరం అచ్చుతో గానీ, ‘న్’, ‘ంగ్’, ‘ర్’ ధ్వనులతో గానీ ముగియాలి. ‘వాక్ట్’, ‘ఆస్క్ట్’ వంటి మాటల్లో భూతకాలమంతా చివరి హల్లుల గుత్తిలో ఉంటుంది. ఆ గుత్తిని మాండరిన్ నోరు పలకదు, చెవి పట్టుకోదు. కాంటనీస్ వారికి ‘ప్’, ‘త్’, ‘క్’ ముగింపులు ఉన్నాయి కాబట్టి కాస్త నయం. వారికీ రెండు మూడు హల్లులు కలిసి వస్తే కష్టమే. డోనా లార్డియర్ అనే భాషాశాస్త్రవేత్త ‘ప్యాటీ’ అనే మారుపేరుతో ఒక చైనీస్ మహిళ మాటలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. ఆమె ఎన్నో ఏళ్లుగా అమెరికాలో ఉంటూ రోజూ ఇంగ్లీషులోనే పని చేసుకుంటున్న మనిషి. భూతకాలం గుర్తు పెట్టాల్సిన చోట్ల ఆమె పెట్టింది సుమారు మూడో వంతు మాత్రమే. సర్వనామాల్లో కర్త, కర్మ రూపాలు మాత్రం ఎక్కడా తప్పలేదు. ఆమెకు వాక్యనిర్మాణం బాగానే తెలుసు, ఆ జ్ఞానం చివరి ధ్వనిలోకి దిగడం లేదు అన్నది లార్డియర్ వాదన. అలాంటి మనిషికి కాలాల పట్టిక మరోసారి రాయించి ప్రయోజనం ఏముంటుంది?

అతడు, ఆమె, అది అన్న మూడింటికీ మాండరిన్‌లో పలికేది ‘తా’ అనే. రాతలో ఆడవారికి వేరే అక్షరం కావాలని లియూ బాన్‌నోంగ్ 1920లో ప్రతిపాదించాడు. అది నిలబడింది గానీ, పలుకుబడిలో తేడా రాలేదు. కాబట్టి ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడే చైనీస్ ప్రొఫెసరు కూడా తన భార్య గురించి చెబుతూ ‘హీ’ అనేస్తాడు. వినేవారు నవ్వుకుంటారు. అది అజ్ఞానం కాదు. మాట్లాడేటప్పుడు ఆడా మగా అని ఎంచుకునే అలవాటు ఆ నోటికి ఎన్నడూ లేదు, అంతే.

‘ఎ’, ‘ద’ అనే ఆర్టికల్స్ చైనీస్‌లోనూ లేవు, తెలుగులోనూ లేవు. ఆ భావం మాత్రం చైనీస్‌కు తెలియనిది కాదు. ‘అతిథి’ అనే మాటను క్రియకు ముందు పెడితే మనం ఎదురుచూస్తున్న అతిథి వచ్చాడని, క్రియ తర్వాత పెడితే ఎవరో అనుకోని అతిథి వచ్చాడని అర్థం. ఒక ముక్క చేర్చి ఇంగ్లీషు చేసే పనిని చైనీస్ చోటు మార్చి చేస్తుంది. ఈ సంగతి మొదట్లోనే చెప్పి ఆర్టికల్స్ నేర్పే పాఠ్యపుస్తకాలు అరుదు. నియమాలు, మినహాయింపులు, వందల కొద్దీ ఖాళీలు మాత్రం పుష్కలంగా ఉంటాయి.

విశేషణ వాక్యం దగ్గర తెలుగు, చైనీస్ ఒకే దారిలో నడుస్తాయి. ‘నిన్న మా ఊరు వచ్చిన డాక్టరు’ అన్నప్పుడు వర్ణన అంతా ముందు వచ్చి, డాక్టరు చివర వస్తాడు. చైనీస్‌లోనూ అంతే, మధ్యలో ‘ద’ అనే ముక్క అదనం. ఇంగ్లీషులో డాక్టరు ముందు వచ్చి, వర్ణన ‘హూ’తో వెనక తగులుకుంటుంది. 1974లో జాక్వెలిన్ షాక్టర్ పర్షియన్, అరబిక్, చైనీస్, జపనీస్ విద్యార్థుల ఇంగ్లీషు వ్యాసాల్లో ఇలాంటి వాక్యాలను లెక్కపెట్టింది. చైనీస్, జపనీస్ విద్యార్థుల తప్పులు చాలా తక్కువ. మొదట చూస్తే వీరికే బాగా వచ్చిందనిపిస్తుంది. తరచి చూస్తే వారు అసలు అలాంటి వాక్యాలు రాసిందే తక్కువ. తెలియని దాన్ని తప్పుగా రాయడం కంటే తప్పించుకోవడం మేలనుకున్నారు. తప్పులు లెక్కపెట్టి తెలివిని కొలిచే ఎర్ర సిరా పద్ధతికి ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు. జాగ్రత్తపరుడైన విద్యార్థి చిన్న చిన్న వాక్యాలతో నూటికి నూరు తెచ్చుకుని, అక్కడే ఆగిపోతాడు.

మిగిలిన ఇబ్బందుల్లో కొన్ని త్వరగా పోయేవే. చైనీస్‌లో ‘అయినప్పటికీ’ అన్నాక ‘కానీ’ కూడా అనాలి, ‘ఎందుకంటే’ అన్నాక ‘కాబట్టి’ అనడం మామూలు. ఇంగ్లీషులో ‘ఆల్దో’ వాడాక ‘బట్’ పెడితే తప్పు. బడి ఉపాధ్యాయులు దీన్ని చాలా శ్రద్ధగా దిద్దుతారు, పిల్లలు దిద్దుకుంటారు కూడా. కామాతో వాక్యాలను గొలుసుగా అల్లుకుపోవడం మాత్రం అంత తేలిగ్గా వదలదు, ఎందుకంటే చైనీస్ వచనానికి అదే సహజమైన నడక. పెద్ద అంకెలు ఇంకో తంటా. చైనీస్ లెక్క పదివేల మీద సాగుతుంది. పదివేలు ఒక ‘వాన్’, పదికోట్లు ఒక ‘యి’. మిలియన్ అనగానే మనం లక్షల్లోకి మార్చుకుని చూసుకున్నట్టే వారూ వాన్‌లలోకి మార్చుకుని చూసుకుంటారు. అనుభవజ్ఞులైన దుబాసీలు కూడా అంకె వచ్చేసరికి కాగితం మీద సున్నాలు వేసుకుంటారు.

పదాల పని

చైనీస్‌లో జనవరి అంటే ‘ఒకటో నెల’, సోమవారం అంటే ‘వారంలో ఒకటి’. పంది మాంసం పేరులో పంది ఉంటుంది, ఆవు మాంసం పేరులో ఆవు ఉంటుంది. ఇంగ్లీషులో నెలలకు పన్నెండు వేర్వేరు పేర్లు, పోర్క్‌లో పిగ్ కనబడదు, బీఫ్‌లో కౌ కనబడదు. తెలిసిన అక్షరాలు రెండు కలిపితే కొత్త మాట అర్థమయ్యే భాష నుంచి వచ్చిన వారికి ఇంగ్లీషు పదకోశం అతుకులు కనబడని ముద్దలా ఉంటుంది. అందుకే లాటిన్, గ్రీకు ధాతువులూ ఉపసర్గలూ విడగొట్టి నేర్పే పద్ధతి చైనాలో అంతగా పట్టుబడింది. అక్షరంలోని భాగాన్ని చూసి నీటికి సంబంధించిందా, చెట్టుకు సంబంధించిందా అని చిన్నప్పటి నుంచీ పోల్చుకున్న కళ్లకు, ఇంగ్లీషు మాటలో ధాతువును పోల్చుకోవడం కొత్త పని కాదు. యూ మిన్‌హోంగ్ 1993లో నెలకొల్పిన న్యూ ఓరియెంటల్ సంస్థ అమెరికా చదువుల ప్రవేశపరీక్షలకు తయారు చేసిన పదాల పుస్తకం ఈ పద్ధతితోనే పేరు తెచ్చుకుంది. దాని ఎర్ర అట్టను బట్టి విద్యార్థులు దానికి ‘ఎర్ర నిధి’ అని పేరు పెట్టుకున్నారు.

కాంటన్ దుకాణాల అలవాటు కూడా బతికే ఉంది. ‘ఆంబులెన్స్’ను ‘అన్ బు నెంగ్ స’ అని గుర్తుపెట్టుకుంటారు. దాని అర్థం ‘నేను చావకూడదు’. చీడపురుగు అనే అర్థమున్న ‘పెస్ట్’ను ‘కొట్టి చంపు’ అనే అర్థం వచ్చే మాటతో ముడిపెడతారు. అర్థం ఒక్కసారికే మనసులో పడుతుంది, ఉచ్చారణ అంతే గట్టిగా చెడుతుంది. పరీక్షలో నోరు విప్పాల్సిన పని లేనంతవరకు ఇది నష్టం అనిపించదు.

పాఠ్యప్రణాళికల లెక్క ఇలా ఉంటుంది. జూనియర్ మిడిల్ స్కూలు ముగిసేసరికి 1,500 నుంచి 1,600 పదాలు, గావ్‌కావ్ నాటికి సుమారు 3,000, కాలేజీలో 1987 నుంచి పెడుతున్న సెట్-4 పరీక్షకు దాదాపు 4,500. అక్షరక్రమంలో అచ్చయ్యే ఈ జాబితాల్లో మొదట్లోనే వచ్చే మాట ‘అబాండన్’. దాని అర్థం ‘వదిలెయ్యి’. మొదటి పేజీ దగ్గరే పుస్తకం మూసేసిన వారంతా ఆ ఒక్క మాట మాత్రం బాగా నేర్చుకున్నారని చైనాలో విద్యార్థులందరికీ తెలిసిన హాస్యం.

జాబితా చదవడం వల్ల పదాలు వస్తాయా? బీజింగ్ నార్మల్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రధానం కాని 850 మంది రెండో సంవత్సరం విద్యార్థుల మీద గూ యోంగ్‌చీ, రాబర్ట్ జాన్సన్ చేసిన అధ్యయనం 1996లో వెలువడింది. మాటను కళ్లతో చూస్తూ పదేపదే రాసుకునే పద్ధతి మీద ఆధారపడ్డవారి పదసంపదే మిగతా అందరి కంటే తక్కువగా తేలింది. ఏ మాట తనకు అవసరమో తానే ఎంచుకుని, సందర్భంలో గమనించి, వాడి చూసినవారు ముందున్నారు. ఆశ్చర్యమేమంటే ఆ విద్యార్థుల్లో ఎక్కువమంది వల్లెవేతను గుడ్డిగా నమ్మేవారు కూడా కారు. చైనీయులంటే బట్టీ అన్న మాట అక్కడే కాస్త పలచబడుతుంది.

అలాగని కంఠస్థం అంతా వృథా అనడానికీ లేదు. దేశస్థాయి ఇంగ్లీషు పోటీల్లో నెగ్గిన ముగ్గురు చైనీస్ విద్యార్థులతో జరిపిన ముఖాముఖి అధ్యయనం 2007లో వెలువడింది. ఎల్. జి. అలెగ్జాండర్ ‘న్యూ కాన్సెప్ట్ ఇంగ్లీష్’ పాఠాలను మొత్తానికి మొత్తంగా బట్టీ పట్టడమే తమకు అన్నిటికంటే మేలు చేసిందని ముగ్గురూ చెప్పారు. 1967లో వచ్చిన ఈ నాలుగు పుస్తకాల వరుస పుట్టినచోట మరుగున పడ్డా చైనాలో ఇంకా నడుస్తోంది. ఇక్కడ తేడా గమనించాలి. వారు వల్లెవేసింది విడి మాటలను కాదు, పూర్తి వాక్యాలను. మాటల పొందిక, ఆర్టికల్ ఉండే చోటు, క్రియ చివర ధ్వని అన్నీ కలిసి ఒక్కసారే నోటికి వచ్చాయి. వ్యాకరణం నేర్పలేకపోయిన పనిని నోటి అలవాటు కొంత చేసింది. వేదాన్ని స్వరంతో సహా ముఖస్థం చేసే దేశంలో పుట్టినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఫోన్లు వచ్చాక జాబితాలు యాప్‌లలోకి దూరాయి. మాట పక్కన బొమ్మ చూపి ఎంచుకోమనే ‘బాయిసిజాన్’ వంటివి, మరిచిపోయే సమయానికి మళ్లీ గుర్తుచేసేవి కోట్ల ఫోన్లలో ఉన్నాయి. గుర్తుచేసే పని అవి మనిషి కంటే బాగా చేస్తాయి. అయితే అక్కడ కూడా విద్యార్థి చేసేది ఎక్కువగా గుర్తుపట్టడమే.

చదవడం

మాటలకు మధ్య ఖాళీ లేని లిపి నుంచి వచ్చిన పాఠకుడు ఇంగ్లీషు పేజీని ఎలా చూస్తాడు? 2003లో వాంగ్ మిన్, కెయికో కోడా, చార్లెస్ పెర్ఫెట్టి కొరియన్, చైనీస్ విద్యార్థులను పోల్చారు. కొరియన్ లిపిలో ధ్వనికి గుర్తు ఉంటుంది, చైనీస్‌లో అక్షరం నేరుగా అర్థానికి దగ్గర. ధ్వని ఒకేలా ఉండి స్పెల్లింగు వేరైన మాటలు చూపినప్పుడు కొరియన్ విద్యార్థులు ధ్వనికి మోసపోయారు. చైనీస్ విద్యార్థులు అంతగా మోసపోలేదు గానీ, రూపం దగ్గరగా ఉన్న మాటల దగ్గర ఎక్కువ తడబడ్డారు. అంటే వీరు ఇంగ్లీషు మాటను కూడా బొమ్మగా చూసే వైపు మొగ్గుతారు.

అయితే ఇందులో మళ్లీ ప్రాంతభేదం ఉంది. ప్రధాన భూభాగంలో పిల్లలు అక్షరాల కంటే ముందు, లేదా వాటితో పాటే, 1958లో వచ్చిన రోమన్ లిపి పద్ధతి పిన్‌యిన్ నేర్చుకుంటారు. తైవాన్‌లో దానికి బదులు జూయిన్ అనే వేరే ధ్వనిచిహ్నాలు ఉన్నాయి. హాంకాంగ్ బళ్లలో చాలాకాలం రెండూ లేవు, అక్షరాన్ని చూసి గుర్తుపట్టడమే. ఆస్ట్రేలియాలో చదువుతున్న విద్యార్థుల మీద అలిసన్ హోమ్, బార్బరా డాడ్ 1996లో ప్రకటించిన పరిశోధనలో హాంకాంగ్ విద్యార్థులు తెలిసిన ఇంగ్లీషు మాటలు బాగానే చదివారు. ఎక్కడా లేని కల్పిత మాట ఇస్తే పలకడంలో వెనుకబడ్డారు. పిన్‌యిన్ తెలిసినవారికి ఆ ఇబ్బంది తక్కువ. పిన్‌యిన్‌కూ ఒక ఖరీదు ఉంది లెండి. అందులో ‘క్యూ’ అక్షరం ‘ఛ’కు దగ్గరగా, ‘ఎక్స్’ అక్షరం ‘ష’కు దగ్గరగా పలుకుతాయి. ఇంగ్లీషు మొదలయ్యాక పిల్లవాడు అవే అక్షరాలకు రెండో పలుకు నేర్చుకోవాలి.

చైనా కాలేజీల్లో ఇంగ్లీషు చదువు చాలాకాలం ‘జింగ్‌దూ’, ‘ఫాన్‌దూ’ అని రెండుగా చీలి ఉంది. మొదటిది గాఢపఠనం, రెండోది విస్తృతపఠనం. బరువంతా మొదటిదాని మీదే ఉండేది. ఒకటి రెండు పేజీల పాఠాన్ని మాట మాటకూ విడగొట్టి, పర్యాయపదాలు చెప్పి, పొడవాటి వాక్యాలకు కర్త, కర్మ, క్రియ గుర్తించి, చివర పారాఫ్రేజ్ రాయించేవారు. శాస్త్రగ్రంథానికి వ్యాఖ్యానం చెప్పే గురువు తీరు ఇది. ఇలా చదివినవారు కఠినమైన వాక్యాన్ని ఛేదించగలరు. ఒక నవలను ఆపకుండా చదవడం వారికి అలవాటు కాదు. ఇంగ్లీషు నవలలూ పత్రికలూ ఇబ్బంది లేకుండా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు తెలియాలని పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. అన్ని మాటలు వ్యాఖ్యానంతో రావు, పేజీలు తిరగాల్సిందే. పదాల సంఖ్యకు హద్దు పెట్టి కథలు రాయించే గ్రేడెడ్ రీడర్ల ఆలోచనకు మైకేల్ వెస్ట్ 1920లలో ఢాకా బళ్లలో రూపం ఇచ్చాడు. చైనాలో అలాంటి ఆక్స్‌ఫర్డ్ కథల వరుస ‘పుస్తకాల పురుగు’ పేరుతో తరాల పిల్లల సంచుల్లో తిరిగింది. అవి పాఠం కాదు, మార్కులు లేవు. బహుశా అందుకే చాలామందికి ఇష్టమయ్యాయి.

గావ్‌కావ్‌లో ఇంగ్లీషుకు 750లో 150 మార్కులు, చైనీస్‌కూ గణితానికీ సమానంగా. పరీక్షలో చదివే భాగానిదే పెద్ద వాటా. వ్యాసం చదివి జవాబు ఎంచుకోవడం, ఖాళీలున్న కథలో సరైన మాట పెట్టడం, ఏడు వాక్యాల్లోంచి ఐదు ఎంచి వాటి చోట్లలో కూర్చడం అందులో ఉంటాయి. తెలివైన పిల్లలు ముందు ప్రశ్నలు చదివి, తర్వాత జవాబున్న చోటు వెతుకుతారు. అది వెతుకులాటే గానీ చదువు కాదని ఉపాధ్యాయులకు తెలుసు, అయినా నేర్పుతారు.

ఇరుగుపొరుగు

తైవాన్‌లో ఇంగ్లీషు సాధన రేడియోతో పెరిగింది. డోరిస్ బ్రోహమ్ అనే అమెరికన్ మిషనరీ 1962లో మొదలుపెట్టిన ‘స్టూడియో క్లాస్‌రూమ్’ కార్యక్రమం, దాని నెలవారీ పత్రిక ఇళ్లలో పాఠశాలగా మారాయి. అక్కడ ఉచ్చారణకు అమెరికన్ ‘కెకె’ గుర్తులు, విశ్వవిద్యాలయ ప్రవేశానికి 7,000 పదాల జాబితా చాలాకాలం రాజ్యమేలాయి. హాంకాంగ్ 1998లో చాలా బళ్లను చైనీస్ మాధ్యమానికి మార్చి, వందకు పైగా బళ్లకు మాత్రమే ఇంగ్లీషు మాధ్యమం అనుమతించింది. తల్లిదండ్రుల పోటీ అంతా ఆ బళ్ల గేట్ల ముందుకు చేరింది. 2010లో ఆ గీతను సడలించాల్సి వచ్చింది. తెలుగు మాధ్యమం, ఇంగ్లీషు మాధ్యమం వాదన ఎరిగినవారికి ఆ కథ మలుపులు కొత్తగా అనిపించవు. సింగపూర్‌లో 1987 నుంచి బళ్లన్నిటిలోనూ ఇంగ్లీషే ప్రధాన భాష. అక్కడ ఇప్పుడు ఎదురీదుతున్నది పిల్లల చైనీస్.

కాగితం దాటే ప్రయత్నాలు

పరీక్షలో నెగ్గి, మాట్లాడలేని స్థితికి చైనాలో ‘మూగ ఇంగ్లీషు’ అని పేరుంది. 1980ల నుంచి ఆదివారం పార్కుల్లో అపరిచితులు చేరి ఇంగ్లీషులో కబుర్లాడుకునే ‘ఇంగ్లీష్ కార్నర్’లు దానికి జనం కనిపెట్టుకున్న మందు. విధానాల్లో మాత్రం వెనక్కి ముందుకి ఊగిసలాట కనబడుతుంది. 2013లో బీజింగ్ నగరం గావ్‌కావ్ ఇంగ్లీషును 150 నుంచి 100 మార్కులకు తగ్గించి, చైనీస్‌ను 180కి పెంచుతామని ముసాయిదా ప్రకటించింది. పెద్ద చర్చ జరిగింది, చివరికి ఇంగ్లీషు 150 దగ్గరే ఉండిపోయింది. 2021 జులైలో ప్రభుత్వం బడిపిల్లల కోచింగ్ వ్యాపారం మీద గట్టి ఆంక్షలు పెట్టింది. 2023లో షియాన్ జియావోటోంగ్ యూనివర్సిటీ సెట్ పరీక్షకూ డిగ్రీకీ ఉన్న ముడిని తెంచేసింది.

బోధనలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది గ్వాంగ్‌డోంగ్‌లో వాంగ్ చూమింగ్ మొదలుపెట్టిన పని. షాక్టర్ గమనించిన తప్పించుకునే గుణానికి అది సూటి విరుగుడు. మొదట అతను ‘పొడవుగా రాయండి’ అన్నాడు. తప్పులకు మార్కులు కొట్టేయకుండా, నిడివికి మార్కులు వేశాడు. భయం పోతే వాక్యం పెరుగుతుందని నమ్మకం. తర్వాత మరో మెట్టు ఎక్కి, సగంలో ఆపిన ఇంగ్లీషు కథ ఇచ్చి, మిగతాది విద్యార్థినే పూర్తి చేయమన్నాడు. కథ కొనసాగించాలంటే ముందున్న దాన్ని మళ్లీ మళ్లీ చూడాలి. అలా చూస్తున్నప్పుడు రచయిత వాడిన కాలం, ఆర్టికల్, మాటల పొందిక తెలియకుండానే రాతలోకి వస్తాయి. చదవడం, పదాలు, వ్యాకరణం అన్న మూడు వేర్వేరు పుస్తకాలు అక్కడ ఒక్క కాగితం మీదకు వచ్చాయి.

2016 అక్టోబరులో జెజియాంగ్ రాష్ట్ర గావ్‌కావ్‌లో ఈ ప్రశ్న తొలిసారి ప్రత్యక్షమైంది. సుమారు 350 పదాల కథ చదివి, ఇచ్చిన రెండు ఆరంభవాక్యాల వెంట సుమారు 150 పదాల్లో దాన్ని ముగించాలి, మార్కులు 25. 2020 తర్వాత మరిన్ని ప్రాంతాలకు పాకింది. అనుకున్నట్టే కోచింగ్ పుస్తకాలు కూడా వెంటనే వచ్చాయి. భయం కలిగితే గుండె ఎలా కొట్టుకోవాలి, సంతోషానికి కన్నీళ్లు ఎలా జారాలి, చివర సూర్యకాంతి ఎలా పడాలి అని భావాలవారీగా సిద్ధం చేసిన వాక్యాలను విద్యార్థులు ఇప్పుడు పొద్దున్నే వల్లెవేస్తున్నారు. మార్కులు వేసేవారు చూసే వాటిలో ఇచ్చిన కథకూ రాసిన ముక్కకూ ఉన్న అతుకు ఒకటి. పోయిన కుక్కపిల్ల కథలో ఎక్కడిదో సూర్యకాంతి వచ్చి పడినప్పుడు ఆ అతుకు ఊడుతుంది.